కీబోర్డుకి గిటార్ పెడల్ పెట్టొచ్చా?

పర్లాకిమిడి_కీస్: పెళ్లి ప్రోగ్రాముల్లో వాయిస్తాను. కీబోర్డులోనే ఉన్న ఫేజర్ (సౌండుని అలలా తిప్పే ఎఫెక్ట్) పలచగా వినిపిస్తోంది, ఎలక్ట్రిక్ పియానో టోన్‌కి ఎంఎక్స్ఆర్ ఫేజ్ 90 అనే ఫేజర్ పెడల్ పెడదామని ఉంది. ఎవరైనా వాడారా?

బరంపురం_తీగలు: గిటార్ పెడల్ గిటార్‌కే తమ్ముడూ. కీబోర్డు నుంచి వచ్చేది లైన్ లెవెల్, గిటార్ పికప్ సిగ్నల్ కంటే చాలా ఎక్కువ, సౌండు పగిలిపోద్ది. పైగా నీది స్టీరియో, అది మోనో.

పర్లాకిమిడి_కీస్: వాల్యూమ్ తగ్గించుకుంటే సరిపోద్ది కదన్నా. ఎల్/మోనో జాక్ ఒక్కదానికే కేబుల్ పెడితే రెండు వైపులదీ కలిసే వస్తుంది. రోడ్స్ ఎలక్ట్రిక్ పియానోకి ఫేజర్ 1970ల నుంచీ పెడుతున్నారు, డీప్ పర్పుల్ బ్యాండు జాన్ లార్డ్ అయితే హేమండ్ ఆర్గాన్‌ని మార్షల్ గిటార్ ఆంప్‌లోంచే వాయించాడు.

గుణుపురం_సౌండ్: ఏం చేసినా హెడ్‌ఫోన్ జాక్‌లోంచి మాత్రం మోనో కేబుల్ లాగకండి.

బరంపురం_తీగలు: వాల్యూమ్ తగ్గిస్తే హిస్, అదే బుస్ మనే శబ్దం, పైకొస్తుంది. మా టీంలో కీబోర్డు అతను డిస్టార్షన్ (సౌండుని కావాలనే చీల్చే ఎఫెక్ట్) పెట్టి, స్వరాలు కలిపి కార్డ్ నొక్కాడు, ఒక్క స్వరం తెలీలేదు, ఒట్టి గోల.

పర్లాకిమిడి_కీస్: నేనడిగింది ఫేజర్. డిస్టార్షన్ అని ఎక్కడన్నాను?

రాయగడ_రిథమ్: అడాప్టర్ చూసుకోండి. ఫేజ్ 90కి 9 వోల్టులు, మధ్యలో నెగెటివ్. యమహా చిన్న కీబోర్డులది 12 వోల్టులు, మధ్యలో పాజిటివ్. మారిపోతే పెడల్ పోద్ది.

బరంపురం_తీగలు: ఇవాళ ఫేజర్ అంటావు, రేపు పక్కన డిస్టార్షన్ చేరుద్ది, ఎల్లుండి స్వరాన్ని సాగదీసే బెండ్ వీల్ తిప్పుకుంటూ లీడ్ నువ్వే వాయించేస్తావు. ఠాకురాణి యాత్ర (అమ్మవారి జాతర) ప్రోగ్రాముకి నన్ను పిలవలేదు తెలుసా, కీబోర్డులో గిటార్ వచ్చేస్తోంది కదా ఇంకో మనిషెందుకు అన్నారు, ఇన్నేళ్లు వాళ్లతోనే తిరిగాను!

పర్లాకిమిడి_కీస్: అది ముందే చెప్పొచ్చు కదన్నా, లైన్ లెవెల్ అంటూ ఇందాకట్నుంచీ తిప్పారు. మిమ్మల్ని తీసింది నేను కాదు. ప్రోగ్రాం పెట్టించే పార్టీలు చిన్న టీమే అడుగుతున్నాయి, బేసూ స్ట్రింగ్సూ గిటారూ అన్నీ నా రెండు చేతుల మీదే పడ్డాయి, అయినా నాకిచ్చేది పాత పేమెంటే.

బరంపురం_తీగలు: మరి గిటార్ మనిషి లేకుండా పాట ఎత్తనని మీలో ఒక్కడైనా అన్నాడా?

పర్లాకిమిడి_కీస్: అంటే నన్నూ మానిపించి, ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు.

గుణుపురం_సౌండ్: ఆ గొడవ మేనేజర్లతో తేల్చుకోవాలి, పెడల్‌తో కాదు. కీస్ గారూ, వాల్యూమ్ బాగా తగ్గించి మొదలెట్టి, సౌండు చీలడం మొదలయ్యే దాకా పెంచండి, అక్కణ్ణుంచి కొంచెం వెనక్కి రండి. పెడల్ తర్వాత, సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే డీఐ బాక్సు పెట్టి నాకివ్వండి, తగ్గిన లెవెల్ మిక్సర్లో నేను ఎత్తుకుంటాను.

బరంపురం_తీగలు: పియానోకి పెట్టుకో, కాదనను. గిటార్ టోన్ మాత్రం నొక్కకు.

పర్లాకిమిడి_కీస్: ఆ మాట ఇవ్వలేనన్నా.