చెరువు లెక్కలు కృత్రిమ మేధ కంపెనీలకు ఇవ్వవచ్చా?

కాళ్ల మండలం కౌలు రైతు (ప్రశ్న):
నేను ఎనిమిది ఎకరాల చెరువు కౌలుకు తీసుకుని వనామీ రొయ్యలు వేస్తున్నాను. ఈ పంట మొదట్లో ఒక కంపెనీ వారు వచ్చి, మేత లెక్క, చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో చూసే పళ్లెం) ఫొటోలు, ఆక్సిజన్, పీహెచ్ రోజూ యాప్‌లో ఎక్కిస్తే, జబ్బు కనిపించకముందే కృత్రిమ మేధ హెచ్చరిస్తుందని, రుసుము ఏమీ లేదని చెప్పారు. డెబ్బై రోజులు శ్రద్ధగా ఎక్కించాను. పట్టుబడికి (రొయ్యలు పట్టి అమ్మే రోజుకు) వారం ముందు బేరానికి వచ్చిన కొనుగోలుదారు నా రొయ్య ఎంత కౌంటులో (కిలోకు ఎన్ని తూగుతాయో ఆ లెక్కలో) ఉందో, మేత ఏ రోజు నుంచి తగ్గిందో నేను చెప్పకముందే చెప్పి, ధర తగ్గించారు. ఆ సంగతి యాప్ నుంచే వెళ్లిందని నిరూపించలేను. ఇకపై లెక్కలు ఇవ్వాలా, మానాలా? పెద్దలు చెప్పగలరు.

ఉండి, ఆక్వా ల్యాబ్ ఉద్యోగి:
మానవద్దని నా మనవి. రొయ్యలను చంపే తెల్లమచ్చ వైరస్ సోకిన చెరువు మూడు నుంచి పది రోజుల్లో ఖాళీ కావచ్చు. మన చెరువులన్నీ ఒకే కాలువ నీరు తోడుకుని ఒకే డ్రెయిన్‌లోకి వదులుతాయి కనుక, పై చెరువులో మొదలైన జబ్బు కింది రైతుకు తెలిసేలోపే నీటితోపాటు అతని గట్టు దాటుతుంది. ఒక్క చెరువు లెక్కలతో ఏ యంత్రమూ దీనిని పసిగట్టలేదు. వందల చెరువుల లెక్కలు ఒకచోట చేరితేనే అది నేర్చుకోగలదు. అందరూ దాచుకుంటే నష్టపోయేది కూడా అందరమే.

ఆకివీడు రైతు:
అయ్యా, మీరన్నది నిజమే, కానీ జబ్బు వచ్చిందన్న మాట బయటకు పొక్కితే రైతుకు ఏమవుతుందో కూడా చెప్పండి. ఉన్నపళంగా పట్టుబడి చేయవలసిన రైతు దగ్గర ధర ఎవరు ఖాయం చేస్తారో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆ మాట అప్పు ఇచ్చినవారికీ మేత అరువిచ్చినవారికీ చేరితే వచ్చే పంటకు పెట్టుబడి పుట్టదు. హెచ్చరిక పక్క రైతుకు చేరాలి, బేరగాడికి చేరకూడదు. ఈ రెండింటినీ విడదీసే ఏర్పాటు చూపించనంత వరకు నేను ఇవ్వను.

భీమవరం న్యాయవాది:
చట్టం ఎంతవరకు ఆదుకుంటుందో ముందు చూద్దాం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. ఆపైన 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి గాని, కంపెనీలపై ప్రధాన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమలవుతాయి.

ఈ చట్టం కాపాడేది మనిషిని గుర్తించగల డేటాను మాత్రమే. ఆక్సిజన్ అంకె ఒక్కటే వ్యక్తిగతం కాదు. మీ ఫోన్ నంబరు, సర్వే నంబరు దానికి తోడైతే వ్యక్తిగతమేనని నేను వాదిస్తాను. అప్పుడు ఏ పనికి వాడతారో చెప్పి అనుమతి తీసుకోవాలి, ఆ నోటీసు మీరు కోరితే తెలుగులో చూపాలి, అనుమతి ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోనివ్వాలి. పరిశోధనకు మినహాయింపు ఉంది. అయితే ఆ డేటాతో ఫలానా వ్యక్తి విషయంలో నిర్ణయం తీసుకోకూడదు. జబ్బును పసిగట్టే కృత్రిమ మేధ నమూనా (మోడల్) తయారుచేయడానికని తీసుకున్న లెక్కలతో మీ ఒక్కరి ధర నిర్ణయిస్తే ఆ మినహాయింపు నిలవదు.

లోటు కూడా చెప్పాలి. భద్రతా లోపానికి జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉన్నా, ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకే చేరుతుంది తప్ప నష్టపోయిన రైతుకు పైసా రాదు. పరిహారం కోరడానికి ఐటీ చట్టంలో ఉన్న 43ఏ సెక్షన్‌ను కూడా కొత్త చట్టం తొలగిస్తోంది. నా దృష్టిలో ఇది పెద్ద అన్యాయం. అందుకే కాగితం మీద ఒప్పందం రాయించుకోండి: కొనుగోలుదారుకు, అప్పులిచ్చేవారికి ఇవ్వబోమని, ఇస్తే ఇంత పరిహారమని.

అమలాపురం, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్:
పేర్లు తీసేస్తాం కదా అని కంపెనీలు చెప్పే మాటను నమ్మి ఊరుకోకండి. 2006లో నెట్‌ఫ్లిక్స్ పేర్లు తీసేసి విడుదల చేసిన సినిమా రేటింగుల నుంచే కొందరు మనుషులను పరిశోధకులు తిరిగి గుర్తించి చూపారు. చెరువు విషయంలో ఇది మరీ తేలిక: విస్తీర్ణం, సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన తేదీ, లొకేషన్ ఉంటే ఊళ్లో ఎవరినడిగినా రైతు పేరు చెప్తారు. అనుమతి వెనక్కి తీసుకున్నా, అప్పటికే శిక్షణ పొందిన నమూనాలోంచి మీ చెరువు నేర్పినదాన్ని ఏరి తీయడం ఇప్పటికీ కష్టమే. లెక్కలు రైతు ఫోన్‌లోనే ఉంచి, నమూనాను ఫోన్‌కు పంపి, అది నేర్చుకున్న మార్పులను మాత్రమే తిరిగి చేరవేసే ఫెడరేటెడ్ లెర్నింగ్ అనే పద్ధతి ఉంది. అదొక్కటే పూర్తి రక్షణ కాకపోయినా, మీ కౌంటు ఇంకొకరి తెరమీద కనిపించే అవకాశం బాగా తగ్గుతుంది. మీ కంపెనీ ఆ పద్ధతి వాడుతోందా?

ఉండి, ఆక్వా ల్యాబ్ ఉద్యోగి:
ఆకివీడు రైతుగారి మాటకు నా దగ్గర ఎదురు లేదు. హెచ్చరికను చెరువు పేరుతో కాక డ్రెయిన్ పేరుతో ఇవ్వవచ్చు: యనమదుర్రు డ్రెయిన్ కింద ఫలానా భాగంలో తెల్లమచ్చ లక్షణాలు కనిపించాయి, నీరు తోడకండి అని. అయితే ఆ భాగంలో చెరువులు మరీ తక్కువగా ఉంటే ఇదీ పనికిరాదు.

కాళ్ల మండలం కౌలు రైతు:
అందరికీ నమస్కారం. అనుమతిపత్రం మళ్లీ తీసి చూశాను. అది ఇంగ్లీషులో ఉంది, "భాగస్వామ్య సంస్థలతో పంచుకుంటాం" అనే అర్థం వచ్చే వాక్యం ఒకటి అందులో ఉంది, ఆ సంస్థల పేర్లు మాత్రం లేవు. నా లెక్కలు ఎవరెవరికి ఇచ్చారో తెలుగులో రాసి ఇమ్మని ఈరోజు వారికి లేఖ పంపాను. జవాబు వచ్చేదాకా మేత లెక్క పాత పద్ధతిలో పుస్తకంలోనే రాస్తాను. చెరువులో ఏదైనా తేడా కనిపిస్తే మాత్రం నా డ్రెయిన్ మీది రైతులకు నేనే ఫోన్ చేసి చెబుతాను.