ఎక్స్‌క్లూజివ్ లైసెన్సు: అభిమానికి మేలా, కీడా?

మూడులాంతర్లు (విజయనగరం):
లీగ్ పేరు, జెర్సీలు, ఆటగాళ్ల ముఖాలు అన్నీ ఒకే వీడియో గేమ్ కంపెనీకి రాసిచ్చేస్తే మనకి ఒరిగేదేంటి? నా మటుకు కీడే. అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి చూడు. 2004లో ఈఎస్‌పీఎన్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2కె5 అనే ఆట ఇరవై డాలర్లకే వచ్చేసరికి, పోటీ కంపెనీ ఈఏ తన ఆట మ్యాడెన్ ధరని 29.95కి దించక తప్పలేదు. ఆ డిసెంబరులోనే ఈఏ అటు ఆ ఆట నడిపే లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌తోనూ, ఇటు ఆటగాళ్ల సంఘంతోనూ ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం రాసుకుంది. మరుసటి ఏడాది మ్యాడెన్ మళ్లీ 49.95. ఎన్‌ఎఫ్‌ఎల్ 2కె సిరీస్ అక్కడితో సరి. 2007లో, అప్పటికే రిటైరైన ఆటగాళ్లతో ఆల్‌ప్రో ఫుట్‌బాల్ 2కె8 తెచ్చారు గానీ, అదీ నిలబడలేదు. ఇరవై ఏళ్లుగా మ్యాడెన్‌కి ఎదురు నిలిచే ఆట లేదు.

ఏడురోడ్లు (శ్రీకాకుళం):
అన్నయ్యా, ధర సంగతి ఒప్పుకుంటాను. నాణ్యత దగ్గరే నాకు పేచీ. బాస్కెట్‌బాల్‌లో ఎన్‌బీఏ లీగ్ ఎవరికీ ఎక్స్‌క్లూజివ్ ఇవ్వలేదు. అయినా ఎన్‌బీఏ లైవ్ 19 తర్వాత ఈఏ తప్పుకుంది, 2కె ఒక్కటే మిగిలింది. డబ్బు గుంజే పద్ధతి అక్కడా తగ్గలేదు కదా. వేల కొద్దీ మోషన్ క్యాప్చర్ (అసలు మనుషుల నుంచి రికార్డు చేసిన) కదలికలు, ముఖాల స్కానింగ్, ఏటా కొత్త రోస్టరు (ఆటగాళ్ల జాబితా)... ఇదంతా ఏళ్ల తరబడి పోగుచేసుకున్న కంపెనీని కొత్తగా వచ్చినవాడు అందుకోలేడు. లైసెన్సు తాళం తీసినంత మాత్రాన పోటీ వచ్చేయదు.

మూడులాంతర్లు:
తాళం వేసేస్తే అసలే రాదు కదా తమ్ముడూ! బేస్‌బాల్ చూడు. 2005లో 2కె యజమాని టేక్‌టూ అమెరికా బేస్‌బాల్ లీగ్ ఎంఎల్‌బీతో కుదుర్చుకున్న ఒప్పందం థర్డ్ పార్టీ (సొంత గేమ్ యంత్రం లేని) కంపెనీల వరకే. కన్సోల్ (గేమ్ యంత్రం) తయారీదారులు సొంతంగా ఆట చేసుకోవచ్చని ఒక సందు ఉంచారు. ఈఏ వారి ఎంవీపీ బేస్‌బాల్ ఆ దెబ్బకి పోయింది. కానీ ఆ సందులోంచే ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ వారి 'ది షో' బతికి పెరిగింది. చివరికి 2కె బేస్‌బాలే 2కె13తో ఆగిపోయింది. ఆ సందు లేకపోయుంటే మిగిలేది నీరసపడ్డ 2కె ఒక్కటే.

నాగావళి_ఎండ్ (శ్రీకాకుళం):
మన క్రికెట్‌కి వద్దాం, నాణ్యతకి అసలు పరీక్ష అక్కడే జరిగింది. యాషెస్ క్రికెట్ 2013కి యాషెస్ అధికారిక లైసెన్సు ఉంది. నవంబరులో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలోకి వచ్చిన కొద్ది రోజులకే దాన్ని వెనక్కి తీసుకుని డబ్బులు తిరిగిచ్చారు. ఫీల్డర్లు బంతిని వదిలేసి ఎటో నడిచేవారు. మరుసటి ఏడాది బిగ్ యాంట్ స్టూడియో వారి డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14 వచ్చింది, జాతీయ జట్ల లైసెన్సు ఒక్కటీ లేకుండా. బ్యాటింగ్‌లో కంట్రోలర్ మీద ఒక స్టిక్‌తో కాలు, రెండో స్టిక్‌తో బ్యాటు నడపాలి. పైగా ఆటగాళ్లని తయారుచేసుకునే క్రికెట్ అకాడమీ ఇచ్చారు. ఆటగాళ్లని అభిమానులే చెక్కి అప్‌లోడ్ చేశారు, మిగతావాళ్లు దించుకున్నారు. కావాలంటే 1936లో మన విజ్జీ (విజయనగరం మహారాజ కుమారుడు) ఇంగ్లండ్ తీసుకెళ్లిన జట్టునీ తయారుచేసుకోవచ్చు, ఆయన చేసినట్టు లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో వెనక్కి పంపకుండా!

దించుకున్నవాళ్లు రెండు చూసుకోవాలి. అప్‌లోడ్ చేసినవాళ్లు అభిమానం కొద్దీ అందరికీ 90 దాటిన రేటింగులు ఇచ్చేస్తారు. పదకొండో నంబరువాడు కూడా కవర్ డ్రైవ్‌లు కొడుతుంటే టెస్టు మ్యాచ్ చప్పబడిపోతుంది. ఆడే ముందు బౌలర్ల బ్యాటింగ్ అంకెలు చేత్తో తగ్గించండి. రెండోది, కెరీర్ మొదలెట్టకముందే జట్టు మార్చుకోండి. మధ్యలో మారిస్తే పాత సేవ్ (దాచుకున్న ఆట)లో పాత పేర్లే కనిపించొచ్చు.

ఏడురోడ్లు:
మరి ఇండియా జట్టు అసలు పేర్లు బిగ్ యాంట్ వారి క్రికెట్ 24లో కూడా ఎందుకు లేవంటారు మాస్టారూ? అక్కడ ఎక్స్‌క్లూజివ్ ఏదీ అడ్డు లేదే.

నాగావళి_ఎండ్:
లైసెన్సు అనేది ఒక్క కాగితం కాదు. జెర్సీ, చిహ్నం బోర్డువి. ఐపీఎల్ రంగులు ఫ్రాంచైజీలవి. ముఖం, పేరు ఆటగాడివి. ఫుట్‌బాల్‌లో ఫిఫ్‌ప్రో అనే ఆటగాళ్ల సంఘాల సమాఖ్య ద్వారా ఆటగాళ్ల పేర్లు మూకుమ్మడిగా దొరుకుతాయి. అందుకే 2019లో ఇటలీ క్లబ్బు యువెంటస్‌ని పెస్ ఆట చేసే కొనామీ ఎక్స్‌క్లూజివ్‌గా పట్టుకెళ్లినా, ఈఏ వారి ఫిఫా 20లో అసలు ఆటగాళ్లే 'పియెమోంటే కాల్చో' అన్న మారుపేరు క్లబ్బుకి ఆడారు. మన దగ్గర ఇప్పుడు ఆడుతున్నవాళ్లకి సంఘమే లేదు. 2019లో వచ్చింది మాజీల సంఘం. ఒక్కొక్కరి మేనేజరుతో విడివిడిగా మాట్లాడుకోవాలి. చిన్న స్టూడియో లైసెన్సు కోసం కనీస హామీ సొమ్ము ముందే కట్టేస్తే, ఆ కోత పడేది ఫీల్డర్లని నడిపే ఏఐ మీద, ఆన్‌లైన్ సర్వర్ల మీద. లైసెన్సు పోస్టరు మీద కనిపిస్తుంది, ఫీల్డర్ల ఏఐ కనిపించదు. దేనికి డబ్బు పెడతారో మీరే చెప్పండి.

రాజాం_వకీలు:
చట్టం సంగతి కొంచెం. మ్యాడెన్ ధర మీద అమెరికాలో వేసిన పెకోవర్ దావా 2012లో 2.7 కోట్ల డాలర్లకి రాజీ అయింది. కాలేజీ ఫుట్‌బాల్, అరీనా లీగ్ ఎక్స్‌క్లూజివ్‌లు అయిదేళ్లు వద్దన్నారు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఒప్పందం జోలికి మాత్రం పోలేదు. మన దగ్గర 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టులో రారియో కేసు నడిచింది. ఆటగాళ్ల కార్డులకి తమకే హక్కుందని ఎక్స్‌క్లూజివ్ లైసెన్సుదారు రారియో వెళ్తే, అందరికీ తెలిసిన పేర్లు, గణాంకాలు ఒక్కరి సొత్తు కావంటూ కోర్టు ఇంజంక్షన్ (ఆపమనే ఉత్తర్వు) ఇవ్వలేదు. అది మధ్యంతర ఉత్తర్వే, ఆటగాళ్ల డిజిటల్ కార్డుల విషయంలో. కన్సోల్ ఆటలో త్రీడీ ముఖానికి అదే వర్తిస్తుందని చెప్పలేం. జెర్సీ, చిహ్నం ట్రేడ్‌మార్కులు, వాటికి మినహాయింపు లేదు.

మూడులాంతర్లు:
అయితే నా ప్రతిపాదన ఇదీ. 'అధికారిక ఆట' అన్న ముద్ర ఒక్కరికే ఇమ్మనండి, మూడేళ్లకి మించకుండా. పేర్లు, ముఖాలు మాత్రం ఒకే రేటుకి అడిగిన ప్రతివాళ్లకీ ఇవ్వాలి.

ఏడురోడ్లు:
ఆ షరతుకి బోర్డు ఒప్పుకోవాలంటే ఒక్కరి దగ్గర వచ్చే మొత్తం కన్నా నలుగురి దగ్గర వచ్చేది ఎక్కువని చూపించాలి అన్నయ్యా. క్రికెట్ ఆటలు కొనేవాళ్లు మన దగ్గర ఎక్కువమంది ఫోన్ల మీదే ఉన్నారు. ఆ లెక్క మొబైల్‌లోనే తేలాలి.

బొబ్బిలి_గోల్ (బొబ్బిలి):
పీఎస్4లో కొనామీ ఫుట్‌బాల్ ఆట పెస్ 2021కి ఆప్షన్ ఫైల్ (మారుపేరు జట్లకి అసలు పేర్లు, జెర్సీలు ఎక్కించే ఫైలు) ఎక్కట్లేదు. పెన్‌డ్రైవ్ కన్సోల్‌కి కనబడుతోంది గానీ జట్లు రావట్లేదు.

నాగావళి_ఎండ్:
డ్రైవ్ కనబడుతోందంటే ఫార్మాట్ బానే ఉన్నట్టు. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే అసలు కనబడదు, ఎక్స్‌ఫ్యాట్ గానీ ఫ్యాట్32 గానీ కావాలి. డ్రైవ్ తెరవగానే డబ్ల్యూ, ఈ, పీ, ఈ, ఎస్ అనే అయిదు పెద్ద అక్షరాల ఫోల్డర్ పైనే ఉండాలి. జిప్ విప్పినప్పుడు ఇంకో ఫోల్డర్ లోపలికి దూరిపోతుంది, ఎక్కువమందికి తేడా వచ్చేది అక్కడే. తీసి పైకి పెట్టి, ఎడిట్‌లో ఇంపోర్ట్ టీమ్ నొక్కండి. ఎక్స్‌బాక్స్ వన్‌లో మాత్రం ఈ దారి లేదు, అక్కడ పేర్లు చేత్తో మార్చుకోవాల్సిందే.