వంట బడిలో నేర్పాలా, ఇంట్లోనే నేర్చుకోవాలా?

సీతమ్మధార అమ్మ:
మా పెద్దోడు ఇంజినీరింగ్‌కని బెంగళూరు వెళ్ళి నాలుగు నెలలైంది. దసరాకి వస్తే చూశాను, మొహం పీక్కుపోయింది. రోజూ రాత్రి నూడుల్స్, కాదంటే ఆర్డరు పెట్టుకున్న బిర్యానీ. గదిలో కుక్కరుంది, కందిపప్పు ఎన్ని విజిళ్ళకి ఉడుకుతుందో వాడికి తెలీదు. తప్పు నాదే. టెన్త్, ఇంటరు అంటూ వాణ్ణి వంటింట్లోకి రానివ్వలేదు. ఇలాంటి అమ్మలు ఊరంతా ఉన్నారు. అందుకే వంట బడిలోనే నేర్పాలంటాను, అదీ ఎనిమిదో తరగతి లోపే. మీరేమంటారు?

గాజువాక సైన్సు మాస్టారు:
అమ్మా, మా సెక్షన్లో యాభై మంది. గ్యాసు పొయ్యి, కత్తి, వేడి నూనె. ఒక్క పిల్లకి చెయ్యి కాలితే ఎవరు జవాబు చెప్తారు? పైగా వంటొస్తే తిండి మారిపోదు. మా ఇంట్లో అందరికీ వంటొచ్చు, అయినా పూటపూటా తెల్లన్నం, ఊరగాయ, అప్పడం. మనిషికి రోజుకి 5 గ్రాముల ఉప్పు దాటొద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్తోంది. అంటే ఒక టీ చెంచా. ముందు నేర్పాల్సింది ఆ లెక్క.

ఆరిలోవ డిగ్రీ అమ్మాయి:
మాస్టారూ, ఇంట్లో నేర్పుకోండి అంటే ఆడపిల్లకి నేర్పుకోండి అనే జరుగుతుంది. ఏడో తరగతిలోనే నా చేత అన్నం వార్పించారు. మా అన్నయ్యకి ఇప్పటికీ కంచం తియ్యడం కూడా రాదు. బడిలో అయితే ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర నిలబెడతారు. నాకు బడి కావాల్సింది అందుకే.

మధురవాడ తాతయ్య:
2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా చేతిపనులు నేర్పాలని ఉంది. ఆ పది రోజులు చాలు. నూనె, కత్తి అక్కర్లేదు. మన చోడి జావతో, అదే రాగి జావతో మొదలెట్టండి. రెండు చెంచాల చోడిపిండి చన్నీళ్ళలో కలిపి, మరుగుతున్న నీళ్ళలో పోస్తూ తిప్పాలి. పొడిపిండి నేరుగా వేస్తే ఉండలు కడతాయి. చిక్కబడ్డాక సన్నటి మంట మీద ఐదారు నిమిషాలు ఉంచి, చల్లారాక మజ్జిగ పోసుకోవడమే. వంద గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యంలో 10 దగ్గర్లో. మా చిన్నప్పుడు పొలానికెళ్ళే ముందు అదే తాగేవాళ్ళం.

గాజువాక సైన్సు మాస్టారు:
ఉండలెందుకు కడతాయన్నది మంచి పాఠమే తాతగారూ. పైపిండి వేడికి జిగురై లోపలి పొడికి నీళ్ళు అందనివ్వదు. కరెంటు స్టవ్ మీద నేనే పొయ్యి దగ్గరుండి చేయించగలను. కానీ దీనికి మార్కులు పెడితే మాత్రం ఒప్పుకోను. మార్కులొచ్చాయంటే గైడు వస్తుంది, పిల్లలు జావ బట్టీ పడతారు.

ఆరిలోవ డిగ్రీ అమ్మాయి:
మార్కులు లేకపోతే ఆ పీరియడ్ లెక్కలకి పోతుంది మాస్టారూ. మా బడిలో ఆటల పీరియడ్ అలాగే పోయింది.

సీతమ్మధార అమ్మ:
బడి ఏదో ఒకటి తేల్చేదాకా నేను ఆగలేను. మా చిన్నోడు ఏడు చదువుతున్నాడు. రేపు పొద్దున్న నాతో రైతుబజారుకొస్తున్నాడు. బెండకాయ కొస విరిచి లేతదో ముదరో చూడ్డం దగ్గర మొదలెడతాం.