అప్‌డేట్: పాత పూల్‌లో నీళ్లు తగ్గడానికి కారణం దొరికింది

ఉప్పల్‌లో మా పెరట్లో నేల మీద పెట్టిన తొమ్మిదేళ్ల స్టీల్ పూల్‌లో రోజూ నీళ్లు తగ్గుతున్నాయి, లైనర్ (లోపల పరిచే ప్లాస్టిక్ షీటు) మార్చాలా అని పోయిన నెల అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

బకెట్ పరీక్ష చేయమన్నవారి మాటే పనికొచ్చింది. నీళ్లు నింపిన బకెట్‌ని పూల్ మెట్టు మీద పెట్టి, లోపలా బయటా మట్టం గుర్తు పెట్టాను. మర్నాటికి బకెట్‌లో పావు అంగుళం, పూల్‌లో అంగుళంన్నర తగ్గాయి. అంటే ఎండకి ఆవిరైపోవడం ఒక్కటే కాదు. పైగా మట్టం స్కిమ్మర్ (పైన తేలే చెత్తని లాగడానికి గోడకి బిగించిన పెట్టె) నోటి కిందకి దిగాక తగ్గడం దాదాపు ఆగిపోయింది. మళ్లీ నీళ్లు నింపి, మోటార్ ఆపి అక్కడ సిరంజితో ఫుడ్ కలర్ వదిలితే, ఎర్రటి చార నేరుగా గ్యాస్కెట్ (నీళ్లు కారకుండా స్కిమ్మర్‌కీ గోడకీ మధ్య వేసే రబ్బరు పట్టీ) మూలలోకి వెళ్లిపోయింది.

మెకానిక్ విప్పి చూపించాడు. గ్యాస్కెట్ ఎండిపోయి అప్పడంలా విరిగింది. దాని వెనక గోడకి తుప్పు పట్టింది కానీ స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే లోపలికి దిగలేదు. దిగి ఉంటే పూల్ ఖాళీ చేయాల్సిందేనట, అన్ని నీళ్ల బరువు ఆపేది ఆ గోడే కదా. తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, కొత్త గ్యాస్కెట్ వేశాడు.

లైనర్, పంపు సీలు బాగానే ఉన్నాయి. కొందరు అనుమానించినట్టు బోరు నీళ్ల ఉప్పు దీనికి కారణం కాదు. పది రోజులుగా రోజుకి పావు అంగుళమే తగ్గుతోంది.