18 కిలోలు తగ్గాక కూడా మంత్రాలయంలో చొక్కా విప్పలేకపోయా. ఇంకా తగ్గాలా, తిని కండ పెంచాలా?

తుంగభద్ర_గట్టు (శుక్రవారం రాత్రి 10:20)

మాది కర్నూలు. వయసు 27, ఎత్తు 172 సెంటీమీటర్లు. పోయిన దసరాకు 92 కిలోలు ఉండేవాణ్ణి, ఇప్పుడు 74. వారానికి నాలుగు రోజులు జిమ్ము, తిండి రోజుకు 1500 కేలరీలు దాటనివ్వను. వంటింట్లో నా తూకం మిషన్ కనిపిస్తే చాలు, అమ్మ పళ్లు కొరుకుతుంది.

నిన్న ఇంటిల్లిపాదీ మంత్రాలయం వెళ్లాం. అక్కడ మగవాళ్లు చొక్కా, బనియన్ తీసి దర్శనానికి వెళ్లాలని అందరికీ తెలిసిందే. నిజం చెప్పాలంటే నెల రోజులుగా ఆ పూట కోసమే కడుపు మాడ్చుకున్నా. తీరా లైన్ దగ్గరికి వచ్చేసరికి రెండు గుండీలు తీశాక చేయి ఆడలేదు. కడుపులో నొప్పి అని చెప్పి నది మెట్ల మీద కూర్చున్నా. మా బావ ఇంత బొజ్జ వేసుకుని హాయిగా వెళ్లొచ్చాడు. అమ్మ వచ్చి పరిమళ ప్రసాదం చేతిలో పెడితే, కళ్లకద్దుకునే లోపే ఇందులో చక్కెర ఎంత, నెయ్యి ఎంత అని మనసు లెక్కలు కట్టడం మొదలెట్టింది.

జిమ్ములో మిషన్ ఎక్కితే ఒంట్లో కొవ్వు 24 శాతం అంది. కోచ్ 68కి దిగమంటున్నాడు. ఫ్రెండేమో ఇక ఆపి తిను, కండ పట్టించు అంటాడు. వీధిలో అయితే 'ఏమప్పా ఇంత చిక్కిపోయినావు, షుగర్ గానీ వచ్చిందా' అని పరామర్శ. అద్దంలో మాత్రం నాకు ఆ 92 కిలోల మనిషే కనిపిస్తున్నాడు. ఏదో ఒకటి తేల్చండి.

బురుజు_కింద (10:41)

ఇందులో తేల్చడానికి ఏముంది, 24 శాతం అని నువ్వే చెప్పావు కదా. 172 ఎత్తుకు 74 కిలోలంటే బీఎంఐ, అదే ఎత్తును బట్టి బరువు లెక్క, సరిగ్గా 25. మనవాళ్ల లెక్కలో 23 దాటితే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. తెల్లోళ్లకు 30 దాకా ఊబకాయం అనరు, మనకు కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్టలోనే కొవ్వు చేరుతుంది కాబట్టి గీత కిందికి గీశారు. అద్దంలో లావుగా కనిపిస్తే లావుగా ఉన్నావనే అర్థం. 68కి దిగు, ఆ తర్వాత కండ సంగతి చూద్దువు.

ఉగ్గాణి_బజ్జీ (10:44)

68కి దిగితే మీ వీధిలో చందాలు వేసుకుని ఆసుపత్రిలో చేరుస్తారు.

చెనిక్కాయ_అనంత (11:15)

బురుజన్నా, ఆ మిషన్ మాట వేదవాక్కు అని నీకెవరు చెప్పారు? అది ఒంట్లోకి సన్నగా కరెంటు పంపి ఎంత అడ్డు తగిలిందో చూసి అందాజాగా చెబుతుంది, అంతే. నీళ్లున్న కండలో కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. మన ఎండల్లో చెమట కార్చి, నీళ్లు తాగకుండా మిషన్ ఎక్కితే ఉన్నదానికన్నా కొవ్వు ఎక్కువ చూపిస్తుంది. నేను ఒకే రోజు పొద్దున ఒకసారి, వ్యాయామం అయ్యాక ఒకసారి ఎక్కితే మూడు శాతం తేడా వచ్చింది. మధ్యాహ్నానికల్లా నాకు మూడు శాతం కొవ్వు పుట్టుకొచ్చిందా?

తమ్ముడూ, టేపు తీసుకుని బొడ్డు దగ్గర కొలువు. ఎత్తులో సగం లోపు ఉంటే పొట్ట గురించి టెన్షన్ పడొద్దు. ఇన్నాళ్లు 1500తో బతికావు కాబట్టి కొవ్వుతో పాటు కండ కూడా కొంత పోయి ఉంటుంది, అందుకే చిన్న సైజు లావుపాటి మనిషిలా కనిపిస్తున్నావేమో. తిండి పెంచు, బరువులు ఎత్తు. రోజూ గుప్పెడు చెనిక్కాయలు నానబెట్టుకుని తిను.

బురుజు_కింద (11:22)

వచ్చాడండీ చెనిక్కాయలతో. 100 గ్రాముల చెనిక్కాయల్లో ప్రోటీన్ 25 గ్రాములే, నూనె దాదాపు 50 గ్రాములు, కేలరీలు 570 దాకా. అది ప్రోటీన్ తిండి కాదు, నూనె తిండి. కండ పెంచాలంటే కిలో బరువుకు 1.6 గ్రాముల ప్రోటీన్ కావాలి, అంటే ఇతనికి 118. చెనిక్కాయలతో అది పూడ్చాలంటే రోజుకు అర కిలో దాకా మేయాలి.

చెనిక్కాయ_అనంత (11:30)

గుప్పెడు అన్నాను, గోనె సంచి అనలేదు. మా జిల్లా రైతు వాన లేని నేలలో పండించే పంటను పట్టుకుని నూనె తిండి అంటావా? మా జేజినాయన జీవితాంతం సంగటి, చెనిక్కాయలు తిని 80 ఏళ్ల దాకా బావిలో నీళ్లు చేదాడు.

బురుజు_కింద (11:33)

మీ జేజినాయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేయలేదు.

సంగటిముద్ద (11:34)

ఉలవలు, మీల్ మేకర్ ఉన్నాయి కదా, పడుకోండిక.

తుంగభద్ర_గట్టు (11:50)

టేపుతో కొలిచా. 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్లు, ఎత్తులో సగమే. నా బాధ పొట్ట కాదులెండి.

ప్రొద్దుటూరు_కోడలు (శనివారం పొద్దున 7:05)

రాత్రంతా చెనిక్కాయల పంచాయితీ నడిచిందన్నమాట. తమ్ముడూ, నీ బాధ చదివి జాలేసింది, కొంచెం నవ్వు కూడా వచ్చింది, ఏమనుకోకు. ఒక్క పూట నలుగురిలో ఒళ్లు చూపించాలంటే నీకు చేయి ఆడలేదు. మాకు పదమూడో ఏట నుంచి ఇదే కదా. పెళ్లిచూపులకు వచ్చిన మొదటి సంబంధం వాళ్లు నన్ను 'పిల్ల పుల్లలా ఉంది' అని వెళ్లిపోయారు. పెళ్లయి, కాన్పయి, 71 కిలోలకు వచ్చాక అదే చుట్టాలు 'ఒళ్లు బాగా వదిలేశావు' అన్నారు. ఇప్పుడు బరువులు ఎత్తుతున్నాను. నేల మీది నుంచి 70 కిలోలు లేపుతాను, అబద్ధం కాదు. భుజాలు కాస్త గుండ్రంగా తేలేసరికి మా అత్త 'మగరాయుడివి అవుతావు, ఆపమ్మా' అంటుంది. ఆడవాళ్లకు ఆ మగ హార్మోన్ ఎంత తక్కువో, అంత కండ రావడం ఎంత కష్టమో ఆమెకు ఎలా చెప్పను? తగ్గినా మాటే, పెరిగినా మాటే. అందుకే ఇంట్లో అద్దానికి పాత దుప్పటి కప్పి పెట్టాను, కొప్పు పెట్టుకోవడానికి చిన్న అద్దం చాలు.

నంద్యాల_నాని (7:20)

అక్కా 70 కిలోలా, దండం.

బురుజు_కింద (8:10)

అమ్మా, మీ కథ మంచిదే గానీ అడిగిన ప్రశ్న వేరు. అద్దానికి దుప్పటి కప్పితే ఒళ్లు మారదు. అతను అడిగింది తగ్గాలా పెరగాలా అని. 24 శాతం తప్పని ఎవరూ రుజువు చేయలేదు. మీరంతా కలిసి ఓదార్చి ఓదార్చి అతన్ని ఆ మెట్ల మీదే కూర్చోబెడుతున్నారు.

ప్రొద్దుటూరు_కోడలు (8:25)

18 కిలోలు తగ్గినవాడికి అద్దంలో తేడా కనిపించలేదంటే ఇంకో 6 తగ్గితే కనిపిస్తుందని ఏం నమ్మకం? ఇలా ఉన్న ఒళ్లు ఉన్నట్టు కనిపించకపోవడానికి డాక్టర్ల దగ్గర పేరు కూడా ఉంది. ఎంత కండ ఉన్నా చాలలేదనిపించే రకానికి 1997లోనే అమెరికాలో హారిసన్ పోప్ అనే సైకియాట్రిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లు మజిల్ డిస్మార్ఫియా అని పేరు పెట్టారు. నీకు అదే ఉందని అనడం లేదు తమ్ముడూ, అలాంటిదొకటి ఉందని చెబుతున్నా.

బురుజు_కింద (8:31)

ఇక రోగాల పేర్లు మొదలయ్యాయి. సిగ్గుపడితే రోగమా?

చెనిక్కాయ_అనంత (9:02)

రోగం కాదనుకునే మా ఫ్రెండ్ ఒకడు మునిగిపోయాడు. ఊరి పేరు చెప్పను. చూస్తే గోడలా ఉండేవాడు, అయినా చేతులు సన్నగా ఉన్నాయని ఫుల్ హ్యాండ్స్ చొక్కాలే వేసేవాడు. జిమ్ములో ఒకాయన సూదులు అంటగట్టాడు, టెస్టోస్టెరాన్. నాలుగు నెలల్లో కండ వచ్చింది, వీపు నిండా మొటిమలు వచ్చాయి. ఒంట్లో ఎక్కువైన ఆ హార్మోన్ కొంత ఆడ హార్మోన్‌గా మారుతుందట, ఛాతీ ఉబ్బడం మొదలైంది. భయపడి ఆపేశాడు. అప్పటికి వాడి ఒంట్లో సొంతంగా తయారవడం ఆగిపోయి ఉంది కాబట్టి నెలల తరబడి మంచం మీద మనిషిలా తిరిగాడు. పెళ్లయి రెండేళ్లు, పిల్లల కోసం ఇప్పుడు డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నాడు. బురుజన్నా, నీలాంటి మాటలు విని విని వాడు ఆ సూది దాకా వెళ్లాడు.

బురుజు_కింద (9:06)

నేను సూదుల గురించి ఒక్క మాట అన్నానా? నోరు అదుపులో పెట్టుకో. కేలరీలు లెక్కపెట్టుకోమంటే మందులమ్మినట్టు మాట్లాడతావేంటి?

చెనిక్కాయ_అనంత (9:09)

మూడు వారాల కింద ఇంకో పిల్లాడు అడిగితే వాడికీ ఇదే చెప్పావు, తగ్గు తగ్గు తగ్గు. నీకు వేరే మాట రాదా?

ఉగ్గాణి_బజ్జీ (9:10)

అయ్యా, పొద్దున్నే.

తుంగభద్ర_గట్టు (9:48)

అన్నా, మీ ఫ్రెండుకు ఛాతీ ఉబ్బింది అన్నారు. సూది ఆపాక అది తగ్గిందా?

చెనిక్కాయ_అనంత (9:55)

లేదు తమ్ముడూ, అలాగే ఉండిపోయింది. ఎందుకు అడుగుతున్నావు? నువ్వేమన్నా తీసుకుంటున్నావా? నిజం చెప్పు.

తుంగభద్ర_గట్టు (10:30)

ఒట్టు, ఏమీ తీసుకోలేదు. నాకు ఎనిమిదో తరగతి నుంచి ఉంది. కబడ్డీలో రెండు జట్లకు తేడా తెలియాలని ఒక జట్టును చొక్కాలు విప్పమన్నారు, నేను ఆ జట్టు. ఆ రోజు పెట్టిన పేరు పదో తరగతి అయ్యేదాకా పిలిచారు, అది ఇక్కడ రాయను. లావు తగ్గితే పోతుందని అందరూ అన్నారు, నేనూ నమ్మా. ఒంట్లో 18 కిలోలు పోయింది గానీ అది పోలేదు. మిగతా ఒళ్లు తగ్గేసరికి ఇంకా పైకి తేలినట్టుంది. నిన్న 24 శాతం అని రాసింది ఎందుకంటే అంకె అయితే అడగడం సులువు.

బురుజు_కింద (10:33)

ఇది మొదట్లోనే చెప్పి ఉండాల్సింది.

ప్రొద్దుటూరు_కోడలు (10:36)

చెప్పడం అంత సులువైతే గుండీలు విప్పడం కూడా సులువే అయ్యేది.

ఆదోని_సిస్టర్ (11:40)

నేను సర్జరీ వార్డులో పనిచేసే నర్సును. సాధారణంగా ఇక్కడ చదివి పోతాను, ఇది చూసి రాస్తున్నా. వయసొచ్చేటప్పుడు చాలామంది మగపిల్లలకు రొమ్ము గ్రంథి కొంచెం పెరుగుతుంది. ఎక్కువమందికి ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది, కొందరికి ఉండిపోతుంది. గైనకోమాస్టియా అంటారు. మామూలు కొవ్వయితే ఒత్తితే మెత్తగా ఉంటుంది, తగ్గితే తగ్గుతుంది. గ్రంథి అయితే చనుమొన కింద బిళ్లలా గట్టిగా తగులుతుంది, అది తిండి తగ్గిస్తే పోదు, పుషప్స్ తీస్తే పోదు. 27 ఏళ్లకు కూడా ఉందంటే మందులతో తగ్గే అవకాశం తక్కువ, ఆపరేషన్ చేసి తీయాలి. ముందు సర్జన్‌కు చూపించు బాబూ. వేరే ఏవైనా మందులు వాడుతున్నావా అని అడుగుతారు, రక్తపరీక్షలు రాస్తారు. పెద్దాసుపత్రిలో సర్జరీ ఓపీకి రోజూ ఇలాంటివాళ్లు వస్తారా అంటే రారు, వచ్చినా ఆఖర్లో, మిగతావాళ్లు వెళ్లిపోయాక లోపలికి వస్తారు. డాక్టర్లకు ఇది కొత్త కాదు. ఒకవైపే ఉన్నా, గడ్డ రాయిలా ఉన్నా, చనుమొన నుంచి ఏదైనా కారినా మాత్రం సోమవారం దాకా కూడా ఆగొద్దు.

చెనిక్కాయ_అనంత (12:05)

దండం సిస్టరమ్మా. బురుజన్నా, ఇప్పుడేమంటావు? 68 కాదు 58కి దిగినా అది అక్కడే ఉండేది.

బురుజు_కింద (మధ్యాహ్నం 1:50)

తెలుసు. నాది మూడేళ్ల కింద తీయించుకున్నా.

ఇన్నాళ్లు ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా అదే, తొమ్మిదో తరగతి నుంచి. వందకు పైన ఉండి 75కి వచ్చా, అప్పుడు గానీ గ్రంథి ఎంతో కొవ్వు ఎంతో డాక్టర్‌కు తెలియలేదు. బరువు నిలకడగా ఉంటేనే కత్తి పెడతానన్నాడు. అందుకే ఎవరొచ్చినా ముందు తగ్గు అంటాను. చెనిక్కాయా, అది నాకు పట్టిన పిచ్చి కాదు, నేను నడిచిన దారి.

చెనిక్కాయ_అనంత (1:58)

అన్నా, క్షమించు. కానీ తెలిసి కూడా నిన్న రాత్రి ఆ ముక్క ఎందుకు చెప్పలేదు? పొట్ట కాదు నా బాధ అని రాశాడు కదా.

బురుజు_కింద (2:04)

చెబితే నాకెలా తెలుసని అడుగుతారు కదా.

ప్రొద్దుటూరు_కోడలు (2:20)

అడగొచ్చో లేదో. ఆపరేషన్ తర్వాత చొక్కా విప్పారా?

బురుజు_కింద (3:15)

లేదు.

కర్నూలు ఎండకు, ఏప్రిల్లో, చొక్కా కింద బనియన్, బనియన్ కింద ఇంకో బిగుతు బనియన్. ఇప్పటికీ. కుట్లు మానిపోయాయి, మచ్చ వెతికితే గానీ కనిపించదు, మా ఆవిడ ఏమీ లేదంటుంది. నాకు మాత్రం ఉన్నట్టే ఉంటుంది.

ప్రొద్దుటూరు_కోడలు (3:22)

మరి నేను పొద్దున్నుంచి చెబుతున్నది అదే కదన్నా. కత్తి ఒళ్లును బాగుచేసింది, చూపును చేయలేదు. ముందు దాన్ని సరిచేసుకోవాలి.

బురుజు_కింద (3:40)

అలా కొట్టిపారేయకు తల్లీ. ముందు వాన వస్తే, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుందని ఎక్కడున్నా పరుగెత్తి చూరు కిందికి చేరేవాణ్ణి. బండి మీద గాలికి చొక్కా వెనక్కి లాగితే ఒక చేత్తో ముందుకు లాక్కునేవాణ్ణి, ఒకసారి అలాగే పడ్డాను కూడా. ఇప్పుడు రెండు చేతులతో బండి నడుపుతున్నా. అది నీకు చిన్నదిగా ఉంటుందేమో. చూపు సరిచేసుకో అని పదిహేనేళ్లు నాకు చెప్పినవాళ్లున్నారు, దానితో ఒక్క వాన కూడా తడవలేదు.

ప్రొద్దుటూరు_కోడలు (3:52)

చిన్నదనలేదు. రెండూ కావాలంటున్నా.

బురుజు_కింద (3:54)

నువ్వు పొద్దున రెండూ అనలేదు. దుప్పటి కప్పమన్నావు.

ప్రొద్దుటూరు_కోడలు (3:55)

నా అద్దానికి నేను కప్పుకున్నాను అన్నాను!

నంద్యాల_నాని (3:57)

మళ్లీ మొదలు.

తుంగభద్ర_గట్టు (ఆదివారం రాత్రి 9:10)

సిస్టర్ చెప్పినట్టు చూసుకున్నా, రెండు వైపులా బిళ్లలాగే తగులుతోంది. రేపు ఓపీకి వెళ్తున్నా. బురుజన్న వ్యక్తిగతంగా మెసేజ్ చేసి తోడు వస్తానన్నాడు, పొద్దున ఎనిమిదికి కొండారెడ్డి బురుజు దగ్గర కలుద్దామన్నాడు. ఎలా గుర్తుపట్టాలన్నా అంటే, ఈ ఎండలో రెండు బనియన్లతో చెమటలు కక్కేవాణ్ణి నేనే అన్నాడు. అమ్మకు ఇంకా చెప్పలేదు, దర్శనం ఎగ్గొట్టినందుకు కోపంగానే ఉంది. ఈ రోజు రాగి సంగటి, నాటుకోడి పులుసు చేసింది. తూకం మిషన్ తీయకుండా తిన్నా.

అబద్ధం. సంగటి తూచా. పులుసు తూచలేదు.

చెనిక్కాయ_అనంత (9:14)

సంగటిలోకి చెనిక్కాయల ఊరిబిండి లేదా?

తుంగభద్ర_గట్టు (9:15)

ఉంది. రెండు చెంచాలు.

బురుజు_కింద (9:16)

నూనె.