ఫోక్ పాట నడుమల ఎనిమిది లైన్ల ర్యాప్, 15 వేలు ఇస్తరంట. చెయ్యాల్నా వద్దా?

పల్లికాయ_పోరడు:
అన్నలందరికి నమస్తే. మాది జడ్చర్ల దిక్కు. డిగ్రీ అయిపోయింది, పగలంత మొబైల్ షాపుల పని, రాత్రి ర్యాప్ రాసుకుంట. పోయినేడు బాదేపల్లి యార్డు మీద ఒక పాట పెట్టిన. పల్లికాయ రాశి పోసి రేటు కోసం పొద్దుందాక కూసునుడు, తేమ ఉన్నదని తరుగు తీసుడు, హమాలీ పైసలు, అంత మన యాసలనే. మా బాపు సంచి బోర్లేసినప్పుడు కాయ జారే సప్పుడు ఫోన్ల రికార్డ్ జేసి బీట్ కింద పెట్టిన. పద్నాలుగు నెలలల్ల 38 వేల వ్యూస్, అందుల సగం మా వాడకట్టోళ్లే తిప్పితిప్పి చూసినయి అనుకో.

ఇప్పుడు ముచ్చటేందంటే ఒక ఫోక్ సాంగ్స్ చానెలోళ్లు ఫోన్ జేసిన్రు. బావ మరదలు పాటనట, నడుమల నేను ఎనిమిది లైన్లు కొట్టాలె, 15 వేలు ఒక్కటేసారి ఇస్తరు, మల్ల ఏం ఉండదు. రెండు పేజీల కాగితం వాట్సాప్ చేసిన్రు, మొత్తం ఇంగ్లీషే, సంతకం పెట్టి ఫొటో తీసి పంపుమంటున్రు. "మా దగ్గర ప్యాకేజీ ఉన్నది తమ్మీ, ట్రెండింగ్ల నంబర్ వన్ కూసుంటది" అన్నడు. మా దోస్తులేమో అప్పుడే కమర్షియల్ అయిపోయినవ్ రా అని గ్రూపుల స్టిక్కర్లు పెడ్తున్రు. పెద్ద పెద్ద ర్యాపర్లు గూడ ఇట్లనే పోయిన్రా? ఈ చార్టులు, ట్రెండింగులు అసలు ఎట్ల లెక్కవెడ్తరు? ఎల్లుండి లోపల చెప్పాలె, జర తెలిసినోళ్లు చెప్పున్రి.

క్యాసెట్_కాక (నల్లగొండ):
తమ్మీ, నీ దోస్తులకు చెప్పు, ర్యాప్ పుట్టినకాడ్నుంచి ఇదే లొల్లి. 1979ల షుగర్‌హిల్ గ్యాంగ్ తెచ్చిన పాట అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 అనే పాటల చార్టుల 36వ నంబర్ దాక పోయింది, అప్పుడే ఇది పార్టీ పాట, అసలు ర్యాప్ కాదు అన్నోళ్లున్నరు. 1986ల రన్ డీఎంసీ అనే ర్యాప్ గుంపు ఏం జేసిన్రు? ఏరోస్మిత్ అనే రాక్ బ్యాండును పక్కన నిలబెట్టుకొని వాళ్ల పాత పాటనే మల్ల పాడిన్రు, 4వ నంబర్ దాక పోయింది. 1990ల హాట్ 100 మీద మొదటి నంబర్ కొట్టిన మొదటి ర్యాప్ పాట వెనీలా ఐస్‌ది. నవ్వొస్తది గని, దాని కింద మోగే బేస్ గిటార్ ట్యూన్ క్వీన్ బ్యాండు, డేవిడ్ బోవీ కలిసి పాడిన పాటది. మల్ల అదే ట్యూన్ మీద 1992ల మన బాబా సెహగల్ హిందీల "ఠండా ఠండా పానీ" అని చల్లటి నీళ్లు తాపిండు, గా క్యాసెట్ నేను గడియారం సెంటర్ కాడ కొన్న, రీలు సాగి గొంతు మొద్దుబారినదాక విన్న. ఆయననే 2008ల జల్సా టైటిల్ పాట తెలుగుల పాడిండు. అంటే ఇంకొకల పాట అంచు పట్టుకొని లోపటికి వచ్చుడే ర్యాప్ కు అలవాటు. అక్కడ రాక్, మనకాడ ఫోక్, అంతే తేడా. నీ పాటల బాపు సంచి సప్పుడన్న నీదున్నది, సంతోషం.

చార్టు ముచ్చట అడిగినవ్ గద, గిది విను. 1991 మే దాక బిల్‌బోర్డోళ్లు ఆల్బమ్ చార్టుకు దుకాణాలకు ఫోన్ జేసి ఏది ఎక్కువ పోతున్నది అని అడిగేటోళ్లు. దుకాణపోడు ఏం చెప్తే గదే లెక్క. సౌండ్‌స్కాన్ అనే అమ్మకాల లెక్క వచ్చినంక బార్‌కోడ్ గీకినయే లెక్క. కొన్ని వారాలకే జూన్‌ల ఎన్‌డబ్ల్యూఏ అనే ర్యాప్ గుంపు ఆల్బమ్ నంబర్ వన్ అయింది, రేడియోల ఆ పాటలు ఎయ్యనే ఎయ్యకపోదురు! జనం కొత్తగ వినుడు షురూ చేసింది కాదు, ముందట్నుంచి కొంటనే ఉన్నరు, రాసుకునేటోని కలం మారింది గంతే.

2019ల లిల్ నాస్ ఎక్స్ ర్యాప్ పాటను గూడ కంట్రీ (అక్కడి పల్లె పాటల) చార్టుల పెట్టి మల్ల ఇది కంట్రీ కాదని తీసేసిన్రు, లొల్లి అయింది, గదే పాట హాట్ 100ల 19 వారాలు మొదటి నంబర్ మీద కూసుంది. ఇగ 2025 అక్టోబర్ల చూస్తే హాట్ 100 మొదటి నలభైల ఒక్క ర్యాప్ పాట లేదు, 1990 తర్వాత గట్ల అయింది అదే మొదటిసారి. పాత పాటలను చార్టులకెల్లి జల్ది తీసేసే రూలు మారుడు గూడ అందుకు ఒక కారణమే. కొలిచే గజం కట్టె మార్చుకుంట పోతరు, దాన్ని పట్టుకొని నువ్వు కమర్షియలా కాదా అని నిద్ర పాడుచేసుకోకు.

డీజే_నవ్వులరాజు:
కాకా నువ్ అమెరికాకెల్లి రా జర. నేను దేవరకొండ దిక్కు డీజే నడిపిస్త, డీసీఎం మీద టాప్‌లు బేస్‌లు కట్టి. మనకాడ చార్ట్ అంటే బరాత్. అర్థమయ్యేటట్టు చెప్త. రాత్రి పదకొండు, పెండ్లికొడుకు బామ్మర్ది బండి ఎక్కి నా భుజం మీద కొడ్తడు, "అన్నా గది ఎయ్యి". ఏది రా అంటే పేరు తెల్వదు, ఫోన్ తీసి రీల్ చూపిస్తడు, అందుల పాట పదిహేను సెకండ్లే ఉంటది. గది నా పెన్ డ్రైవుల లేదనుకో, ఆ ఊర్ల మల్ల నాకు బేరం రాదు. పోయిన సీజన్ మొత్తం మన పాలమూరు పిలగాడు రాము రాథోడ్ బొంబాయి పాట, ఒక్క బరాత్‌ల ఏడుసార్లు ఏసిన రోజున్నది, నాకు ఇంట్ల పన్నంక గూడ చెవుల్ల గదే. ఆ పిలగాడు గా పాటతోని బిగ్ బాస్ దాక పోయిండు. ఏ చార్టు చూసి ఎయ్యమన్నరు జనం?

ఇగ ర్యాప్ గురించి నిజం చెప్తున్న తమ్మీ, ఫీల్ గాకు. తీన్మార్ నడుస్తుంటది, అందరు చేతులు లేపి ఉంటరు, నడుమల ర్యాప్ వచ్చిందనుకో, కాళ్లు ఆగుతయి. వినేటోళ్లు వింటరు, మిగిలినోళ్లు వాటర్ ప్యాకెట్ల కాడికి పోతరు. ఎందుకంటే తీన్మార్ల కాలు మూడు మూడు లెక్కన పడ్తది, మీ ర్యాప్ నాలుగు లెక్కన నడుస్తది, మూడుకెల్లి నాలుగులకు దూకంగనే కాలు తప్పుతది. నువ్ గా మూడు మీదనే మాట కూసోబెట్టు, దప్పు ఆపనియ్యకు. ఎనిమిది లైన్లు ఎక్కువ, నాలుగు చాలు, నాలుగోది అయిపోంగనే ఒక్క దెబ్బ పడి కోరస్ రావాలె.

గల్లీ_బార్స్:
డీజే అన్నా గౌరవం ఉన్నది గని ఇదే ప్రాబ్లం, కాలు ఆగొద్దు కాలు ఆగొద్దు అనుకుంట పాటల మాట లేకుండ చేసిన్రు. పల్లికాయ తమ్మీ నీ యార్డు పాట విన్న, తరుగు మీద రాసిన లైనుకు నా ఒళ్లు జలదరించింది. గదే గొంతు రేపు బావ మరదలు పాటల నడుమ అద్దాలు పెట్టుకొని వస్తే ఎట్లుంటది? సినిమాల్ల ఎన్నేండ్లు మన యాసను కమెడియన్‌కు, రౌడీకి పెట్టిన్రో మర్సిపోయినమా, ఇప్పుడు ఫోక్ చానెల్ల ర్యాప్ గూడ గట్లనే, మధ్యల వచ్చి నవ్వించి పోయే క్యారెక్టర్. ర్యాపర్ హనుమాన్‌కైండ్‌ను చూడు, 2024ల వచ్చిన పాట హాట్ 100ల 23 దాక పోయింది, బీట్ కొట్టిన కల్మి మన హైదరాబాదోడే, ఎవ్వల కోరస్ అరువు తెచ్చుకోలే. వీడియో సుత జాతరల ఉండే గోడ మీద బండి తిప్పే బావిల తీసిన్రు. మనకాడ ఎన్ని జాతరలల్ల చూడలే మనం గా బావి?

క్యాసెట్_కాక (నల్లగొండ):
హనుమాన్‌కైండ్ ఇంగ్లీషుల పాడిండు గద నాయనా, పల్లికాయ తమ్ముడు పాలమూరు యాసల పాడ్తున్నడు, తాకే జనం వేరు, తూకం వేరు. నాకైతే దర్శనం మొగులయ్య యాదికొస్తుండు. నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి, పన్నెండు మెట్ల కిన్నెర. 2021ల భీమ్లా నాయక్ టైటిల్ పాటకు ముందట ఆయన గొంతు, ఆయన కిన్నెరనే పెట్టిన్రు, ఏం మార్చలే, వాయిద్యం మార్చలే, యాస మార్చలే. ఏడాది తిరిగేసరికి 2022ల పద్మశ్రీ. పోయుడు తప్పు కాదు, ఏం పట్టుకొని పోయినవ్ అన్నదే చూడాలె.

పల్లికాయ_పోరడు:
కాకా, అన్నలూ, చదువుతనే ఉన్న. గల్లీ అన్నా, అద్దాల ముచ్చట నిజమే, వాళ్లు పంపిన రిఫరెన్స్ వీడియోల అట్లనే ఉన్నది, పిల్లగాడు ట్రాక్టర్ బానెట్ మీద ఎక్కి ఉత్తగ చేతులు ఊపుతడు. గని 15 వేలంటే నాకు రెండు నెలల జీతం అన్నా. మైక్ కొనాలె.

స్టూడియో_మూల (వనపర్తి టు కృష్ణానగర్):
పైసల సంగతి తర్వాత, ముందు గా కాగితం. నేను స్టూడియోల రికార్డింగ్ చూస్కుంట, ఇసొంటియి వారానికి రెండు చూస్త. నువ్ పాడుడు మాత్రమే కాదు, రాస్తున్నవ్ గూడ. ర్యాప్ రాసినోడు చట్టం లెక్కన లిరిక్ రైటరే. 2012ల కాపీరైట్ చట్టం మార్చినంక రాసినోనికి, ట్యూన్ కట్టినోనికి రాయల్టీల కంపెనీతోని సమాన వాటా, దాన్ని నువ్వు వదులుకుంటున్న అని సంతకం పెట్టినా చెల్లది. కంపెనీకి పాట రాసిచ్చినా గా వాటా నీదే. పాటలోళ్లకు రాయల్టీ వసూలు చేసే సంఘం ఐపీఆర్ఎస్‌ల మెంబర్ అయి నీ పాట అందుల ఎక్కించుకో, లేకుంటే హక్కు ఉన్నా పైస రాదు.

ఇంకొకటి, కాగితంల ఎన్నేండ్లకు అన్నది రాయకపోతే చట్టం ఐదేండ్లు అనుకుంటది, ఎక్కడిదాక అన్నది రాయకపోతే ఇండియా వరకే అనుకుంటది. అందుకే వాళ్లు "పర్పెచువల్" (ఎప్పటికీ), "వరల్డ్‌వైడ్" (లోకమంత) అని రెండు మాటలు తప్పక రాస్తరు. గా రెండు మాటలు ఎక్కడున్నయో వెతుకు, పర్పెచువల్ కొట్టేసి ఐదేండ్లు రాయమను. "ఎక్స్‌క్లూజివ్" (వాళ్లకు తప్ప ఎవ్వలకు పాడొద్దు) అని గనక ఉంటే ఇంక ఆగు, నీ యార్డు పాట గూడ వాళ్ల కిందికే పోతదేమో చూసుకో. నాకు ఒక చానెల్‌తోని అయింది, నా గొంతు వాళ్లు యూట్యూబ్ల పాట ఎవరిదో గుర్తుపట్టే కంటెంట్ ఐడీల పెట్టుకున్నరు, తర్వాత నా చానెల్ల నేను పెట్టుకున్న పాటకు నా మీదనే క్లెయిమ్ వచ్చింది. ఆరు నెలలు తిరిగిన.

ట్రెండింగ్ ప్యాకేజీ అన్నడా? యూట్యూబోళ్లు గా ట్రెండింగ్ పేజీనే 2025 జూలైల తీసేసిన్రు, లేని కుర్చీల ఎట్ల కూసోబెడ్తడు? ప్యాకేజీ అంటే యాడ్స్ పెట్టి వ్యూస్ తెచ్చుడు. 2019ల బాద్‌షా పాటకు ఒక్క రోజుల ఏడున్నర కోట్ల వ్యూస్ అని లొల్లి అయింది యాదికున్నదా, అందుల యాడ్స్‌తోని వచ్చినయి గూడ ఉండె. గా సెప్టెంబర్‌ల యూట్యూబ్ రూలు మార్చింది, యాడ్స్ వ్యూస్ మ్యూజిక్ చార్టులకు లెక్కల్ల రావు. వీడియో కింద అంకె పెరుగుతది, చార్టుల నీ పేరు మాత్రం కనపడది. గా యాడ్స్ పైసలు నీ లెక్కల ఖర్చు రాస్తరా అన్నది గూడ అడుగు.

గల్లీ_బార్స్:
లేని కుర్చీ 😂😂 స్టూడియో అన్నకు సలాం.

పల్లికాయ_పోరడు:
అప్‌డేట్. ఫోన్ జేసిన. ఐదేండ్లు రాయమన్న, ఎక్స్‌క్లూజివ్ తియ్యమన్న, టైటిల్ల నా పేరు అడిగిన. "ఎవడు చెప్పిండు రా నీకు ఇయన్ని" అన్నడు, నవ్విండు, మల్ల పది నిమిషాలకు చేసి పన్నెండు వేలకైతే ఐదేండ్లు రాస్త అన్నడు. మూడు వేలు పోయినయి గని కాగితం మారింది. ట్రాక్టర్ బానెట్ ఎక్కనని గూడ చెప్పిన, దానికి ఇంక ఏం అన్లే. మూడు లెక్క మీద నాలుగు లైన్లు రాస్కొని చూసిన, మొదట నాలిక తిరుగలే, పల్లికాయ చెరిగేటప్పుడు మా అమ్మ చాట ఆడించే తాళం మీద పెడ్తే కూసున్నది. కోరస్ల మాత్రం బావ మరదలే, దాన్ని నేనేం చెయ్యలే.

డీజే_నవ్వులరాజు:
పాట వచ్చినంక నాకు ఫైల్ పంపు, వాట్సాప్ ఆడియో పంపకు తమ్మీ, బేస్ చినిగిపోతది. వేవ్ ఫైల్ డ్రైవుల పెట్టు. మాఘ మాసం ముహూర్తాలు మొదలయ్యే లోపల.