“ఐ అండ్ ఐ” అంటే “మనము” అనవచ్చునా?

విజయవాడ నుంచి:
ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీని దైవంగా కొలిచే జమైకా రస్తాఫరీల పాటలోని చరణం ఒకటి కొంతకాలంగా నన్ను వదలడం లేదు. “ఐ అండ్ ఐ” అన్న ఎత్తుగడ, ఎక్కడో బాబిలోన్ ప్రస్తావన తప్ప మిగిలినదేదీ జ్ఞాపకం రావడం లేదు. ఆ పాట ఏదో ఎవరైనా చెప్పగలరా? ఎదుటివారిని కూడా కలుపుకొంటుంది కనుక ఈ మాటను “మనము” అని తెలిగించవచ్చునని నా అభిప్రాయం.

టొరంటో నుంచి:
“మనము” చాలదండీ. ఎదుట ఎవరూ లేనప్పుడు, ఒక్క మనిషి తనను గురించి చెప్పుకొనేటప్పుడు కూడా “ఐ అండ్ ఐ” అంటారు. మొదటి “ఐ” పలికేవాడు, రెండవది అతనిలో నెలకొన్న జా, అంటే దైవం. ఆ జాయే అందరిలోనూ ఉన్నాడు కనుక ఎదుటివారిని సైతం “ది ఐ” అని సంబోధిస్తారు. మీ “మనము”లో ఆ రెండవ “ఐ”కి చోటెక్కడ?

హైదరాబాద్ నుంచి:
అసలు కీలకం రోమన్ అంకెలో ఉంది. 1930 నవంబరు 2న ఇథియోపియాలో రాస్ తఫరీ పట్టాభిషిక్తుడై మొదటి హైలే సెలాసీ అయినప్పుడు, ఆ పేరు చివరి “I” అంకెను జమైకా భక్తులు “మొదటి” అని కాక “సెలాసీ ఐ” అని అక్షరంగానే చదువుకొన్నారు. “వైటల్” నుంచి “ఐటల్”, “క్రియేషన్” నుంచి “ఐరేషన్” వచ్చాయంటే, ప్రతి మాటలోనూ ఆ నామాన్ని నిలుపుకోవాలన్న తపనే కారణమని నేను నమ్ముతాను. దీనిని “అహం బ్రహ్మాస్మి”తో పోల్చకుండా ఉండలేను. తొలితరం ప్రచారకుడు లెనార్డ్ హోవెల్ “గంగన్‌గురు మారాజ్” అన్న భారతీయ ఛాయగల పేరు పెట్టుకొన్నాడు గదా.

టొరంటో నుంచి:
1845 నుంచి జమైకాకు వెళ్లిన మన కూలీల ద్వారా గంజాయి అన్న పేరు అక్కడ స్థిరపడింది, నిజమే. అద్వైతం కూడా వారితోనే వెళ్లిందనడానికి అది చాలదు. రస్తాఫరీల “ఐ” బైబిలును, ఒక చారిత్రక చక్రవర్తిని ఆధారం చేసుకొన్నది.

రాజమహేంద్రవరం నుంచి:
వ్యాకరణాన్ని మీరిద్దరూ వదిలిపెట్టారు. జమైకాలో జనం మాట్లాడే ఇంగ్లీషు మిశ్రభాష అయిన క్రియోల్‌లో కర్తకూ కర్మకూ, అంటే “నేను”కూ “నన్ను”కూ, ఒకే “మి” వస్తుంది. బానిసత్వంలో ఇతరుల చర్యకు లోనైన వారి సంతతి, తాము ఎన్నటికీ కర్మస్థానంలో నిలువబోమని చెప్పడానికే “ఐ”ని పట్టుకొన్నదని నా సిద్ధాంతం. “వర్డ్, సౌండ్ అండ్ పవర్” అనే ఆ సంప్రదాయంలో ధ్వనికీ అర్థానికీ వైరుధ్యం ఉండరాదు. “అప్రెషన్”లోని “అప్” పైకెత్తడాన్ని స్ఫురింపజేస్తుంది కనుక అణచివేతను “డౌన్‌ప్రెషన్” అన్నారు. “డెడికేట్”లో చావు వినిపిస్తుంది కనుక “లివికేట్” అన్నారు. ఈ భాషను అధ్యయనం చేసిన వెల్మా పొలార్డ్ “ఐ” మాటలను ఒక ప్రత్యేక వర్గంగా ఉంచడం ఊరకే కాదు.

హైదరాబాద్ నుంచి:
“మి”ని దాస్యచిహ్నంగా చూడటం లూయీస్ బెన్నెట్ (1919–2006) పట్ల అన్యాయం. ఆమె రస్తాఫరీ కాదు. చదువుకొన్నవారు చిన్నచూపు చూసిన ఆ క్రియోల్‌లోనే జీవితాంతం రాసి, ఇంగ్లండుకు తరలిపోయే జమైకన్లు వలసపాలననే తిరగవేస్తున్నారని చమత్కరించిన ఆ కవయిత్రి గొంతులో “మి” ఎంత నిబ్బరంగా పలుకుతుందో ఒకసారి వినండి.

రాజమహేంద్రవరం నుంచి:
బెన్నెట్ అంటే నాకూ ప్రాణమే. అయితే ఆమె “మి”కి గౌరవం తెచ్చింది. రస్తాఫరీలు కోరినది గౌరవం ఒక్కటే కాదు, సర్వనామంలో దైవసన్నిధి.

విజయవాడ నుంచి:
“మనము”ను విరమించుకొని “నేనూ నేనూ” అందామనుకొన్నాను. కానీ కర్మస్థానంలో కూడా “ఐ అండ్ ఐ” మారకుండా నిలుస్తుందే, తెలుగులో దానిని “నన్నూ నన్నూ” అనక తప్పదు. రాజమహేంద్రవరం వారి సిద్ధాంతమే నిజమైతే, ఆ మాట నిరాకరించిన రూపాన్నే మన విభక్తి దానికి తగిలించినట్లవుతుంది. కనుక అనువాదంలో “ఐ అండ్ ఐ”ని అలాగే ఉంచి, విభక్తిని క్రియ పక్కన మరో మాటకు చేర్చే వీలుందా? చరణం మాత్రం ఇంకా దొరకలేదు.